అంతయ్య బోరు నీళ్లు

దిల్‌సుఖ్‌నగర్,
2025 జూన్ 9, సోమవారం.

చిరంజీవి గౌతమ్‌కు నాయనమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం, మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. పుణెలో నువ్వు వేళకు తింటున్నానని రాశావు. చదివాను, నమ్మలేదు. వచ్చే ఆదివారం వెంచర్ వాళ్లు బత్తాయి తోటకు బయానా ఇవ్వడానికి వస్తారని కూడా రాశావు. ఆలోగా నీకు అందాలని ఈ ఉత్తరం ఈరోజే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఫోన్లో చెబితే మధ్యలోనే ‘సరే నాయనమ్మా’ అంటావు. ఆ ‘సరే’కు వినలేదని అర్థం.

నువ్వడిగినవాటికి వరుసగా జవాబులు. మోకాలికి డాక్టరు రాసిన మందు వాడుతున్నాను, మెట్లు ఎక్కడం మానేశాను. పెళ్లినాటికి పై అంతస్తుకు రంగులు వేయించమన్నావు, వేయించాను. దాని సంగతి ఇంకా ఉంది, తర్వాత రాస్తాను. ఇక మూడోది. ‘లింగస్వామి అప్పు ఒక్కసారిగా తీరిపోతుంది కదా, తోట అమ్మడానికి ఎందుకు వెనకాడుతున్నావు?’ అని అడిగావు.

లింగస్వామి సంగతి నీకు సగమే తెలుసు. ఆయన పండ్ల మార్కెట్లో కమీషన్ వ్యాపారి. నల్లగొండ తోటలో బోర్లు వేయించడానికి మీ తాతయ్య ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. అడ్వాన్సు తీసుకున్నవాళ్లు కాయ ఆయన కొట్టుకే తేవాలి. ఆయన చెప్పిందే ధర, ఆయన తీసిందే తరుగు. పదకొండేళ్లుగా కాయ పంపుతూనే ఉన్నాం, అసలు తగ్గిందే లేదు. మొన్న లెక్క చూస్తే నాలుగు లక్షల ఇరవై వేలు తేలింది. వెంచర్ వాళ్లను నీ దగ్గరికి పంపింది కూడా ఆయనే. అది నీకు చెప్పి ఉండడు.

ఇందులో పక్క తోట అంతయ్య సంగతి కూడా ఉంది. కిందటి ఎండాకాలం మన పాత బోరు ఎండిపోతే, ఆయన తన వరి మడి వదిలేసుకుని నెల పైగా మన చెట్లకు నీళ్లు పెట్టాడు. నేను కరెంటు, కూలి అన్నీ లెక్కకట్టి పద్దెనిమిది వేలు కవర్లో పెట్టి పంపాను. రసీదు మీద సంతకం చేసి పంపమన్నాను. అంతయ్య ఆ డబ్బుతో ఎరువు కొని మన చెట్లకే వేశాడు. రసీదు రాలేదు. రాలేదేమని రెండుసార్లు ఫోన్ చేసి మరీ అడిగాను.

ఆ ఊళ్లో పొరుగువాడి నీళ్లకు వెల కట్టరు. ఈ ఏడు నువ్వు పెడితే వచ్చే ఏడు నేను పెడతాను, అంతే. డబ్బు చేతిలో పెడితే ఇక నీకూ నాకూ ఏమీ లేదని చెప్పినట్టు. ఈ ఎండాకాలం ఆయన మోటారు కాలిపోయింది. గట్టు దాటితే మన కొత్త బోరు ఉంది. అయినా నన్ను అడగకుండా లింగస్వామి దగ్గరికే వెళ్లి అడ్వాన్సు తీసుకున్నాడు. ఇప్పుడు ఆయన కాయ కూడా ఆ కొట్టుకే పోవాలి. ఆయన తోటకు బండి దారి మన తోటలోంచే. మన తోట వెంచర్‌కు పోతే ఆ దారి ఉండదు. అప్పుడు ఆయనా అమ్ముకోక తప్పదు.

ఈ సంగతి తెలిసి, పోయిన గురువారం ఎల్బీ నగర్‌లో బస్సెక్కి వెళ్లాను. అంతయ్య భార్య తిరుపతమ్మ మంచం వాల్చింది గానీ పలకరించలేదు.

“పక్కన మా బోరుండగా లింగస్వామి దగ్గరికి ఎందుకెళ్లావయ్యా?” అన్నాను.

“నీ బోరు నీళ్లకు రేటెంతో తెల్వక పోయిన టీచరమ్మా,” అన్నాడు అంతయ్య.

తిరుపతమ్మ వంటింట్లోంచి అందుకుంది. “రసీదు బుక్కు గూడ లేకపాయె మా ఇంట్ల!”

క్లాసంతటినీ ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని, ఆవిడ వైపు చూడలేకపోయాను.

“తప్పు నాదే. మా బోరు నీళ్లు పెట్టుకో. నా కాయ మోయడానికి నీ ట్రాలీ కావాలి. కిరాయి మాత్రం ఇవ్వను,” అన్నాను.

అంతయ్య నవ్వాడు. “గిప్పుడు మా మనిషి తీర్గ మాట్లాడినవ్. ఇంతకుముందు బ్యాంకోళ్ల తీర్గ ఉంటుంటివి.”

“నవ్వుడు తర్వాత. గా సంతకం ముచ్చట అడుగు,” అంది తిరుపతమ్మ.

అంతయ్య సొసైటీ బ్యాంకులో అప్పు తీసుకుని లింగస్వామిని వదిలించుకుందామంటే, భూమి ఉన్నవాళ్లెవరూ ఆయనకు జామీను నిలబడలేదట. మరునాడే వెళ్లి తోట కాగితాలు చూపించి సంతకం పెట్టాను. ఆ అప్పు తీరేదాకా మన తోట అమ్మకూడదు.

మరి మన అప్పు ఎలా తీరుతుందని అడుగుతావు. గౌతమ్, ఇది పదిరోజుల క్రితమే నీకు చెప్పాల్సింది. పై అంతస్తును ఆడపిల్లల హాస్టల్‌కు మూడేళ్లు కిరాయికి ఇచ్చాను. చైతన్యపురిలో ఆ హాస్టల్ నడిపే విజయదుర్గ నెలకు ఇరవై వేల చొప్పున ఇరవై ఒక్క నెలల కిరాయి ముందే ఇచ్చింది. రంగులు కూడా ఆవిడ కోరినవే. మొన్న శనివారం లింగస్వామికి మొత్తం కట్టి, నోటు వెనక్కి తెచ్చుకున్నాను. పెళ్లయ్యాక నువ్వూ సౌజన్యా కాపురం పెట్టాలనుకున్న ఇల్లది. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. నా ఇల్లే కదా అని నేను అనను. నీకు మాటిచ్చిన ఇల్లు.

ఇక జరగాల్సినవి:

1. శుక్రవారంలోగా వెంచర్ వాళ్లకు రావద్దని నువ్వే చెప్పాలి. కారణాలు చెప్పనక్కర్లేదు.

2. సౌజన్యకు ముందుగా నేనే చెబుతాను. శనివారం సాయంత్రం ఎల్బీ నగర్‌లో వాళ్లింటికి వెళ్తున్నాను. ఆ అమ్మాయి ఏమన్నా పడతాను.

3. పెళ్లయ్యాక మీరిద్దరూ కింద నాతో ఉండండి, లేదా వేరే ఇల్లు చూసుకోండి. వేరే ఇల్లయితే సగం కిరాయి నాది.

4. ఆగస్టులో కాయ కోతకు నాలుగు రోజులు సెలవు పెట్టి రావాలి. ఈసారి ఏ కొట్టుకు తోలాలో మనమే చూసుకోవాలి.

5. అంతయ్య ఇంటికి శుభలేఖ నువ్వే స్వయంగా తీసుకెళ్లాలి. వాళ్లు తోవలోకని ఏం కట్టిచ్చినా వద్దనకుండా తెచ్చుకో.

ఇట్లు,
కోపం తగ్గాకే ఫోన్ చెయ్యమనే
నీ నాయనమ్మ,
హనుమాయమ్మ