మొహాలు చెరోవైపు తిరిగిన కుర్చీ

కృష్ణా జిల్లా కోడూరు కాపురస్థుడు, కీ.శే. సీతారామయ్య గారి కుమారుడు, 71 ఏళ్ల వ్యవసాయదారుడు గంగాధరరావు అనే నేను నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా. నా తెలివి చెక్కుచెదరలేదని డాక్టరు గారు చెప్పారు. నా భార్య కొండమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఎవరి బలవంతమూ లేదు.

1. ఇల్లు, పెరడు, గేదె కొండమ్మకు. ఆమె తదనంతరం పిల్లలిద్దరికీ సమానంగా చెందాలి.

2. కాలవ పక్క రెండెకరాల వరిచేను కూతురు వసుంధరకు. దాన్ని ఆనుకుని ఉన్న రొయ్యల చెరువు కొడుకు జయకృష్ణకు. చెరువులో ఉప్పునీరు చేలోకి ఊరడంతో పైరు మాడిందని నాలుగేళ్లుగా వీళ్లకు మాటల్లేవు. మధ్యన మురుగుకాలవ తవ్వించాను. ఇక ఉప్పు రాదు. మాటలే రావాలి.

3. నా గొడుగు వడ్రంగి భూషణానికి. కారణం కింద చెబుతాను. పదేళ్లక్రితం నా నిచ్చెన పట్టుకెళ్లిన బంగార్రాజుకు ఆ నిచ్చెనే ఇస్తున్నాను. ఇక వాడు దాన్ని దాచుకోనక్కర్లేదు.

4. టేకు కుర్చీ. 1962లో బందరులో ఓ పాత దొర బంగళా సామాను వేలంలో కొన్నాను. సీట్లు రెండు, నడుమ చేతులు ఆన్చుకునేందుకు మెలిక తిరిగిన కర్ర ఒకటే. ఇద్దరు కూర్చుంటే భుజాలు పక్కపక్కనే ఉంటాయి, మొహాలు చెరోవైపు. ఎందుకు చేశారో ఎవరికీ తెలీదు. పక్కవాడి ముక్కలు కనబడకుండా పేకాడేందుకని మధుసూదనరావు బావ వాదన. వడ్రంగి తాగి చేశాడని కొండమ్మ తీర్పు.

మాటల్లేని వాళ్లకోసం చేశారని నా నమ్మకం. కోపమొస్తే కొండమ్మ నాతో మాట్లాడేది కాదు. “అన్నం చల్లారిపోతోందని చెప్పవే ఆయనకి” అని నాకు వినబడేలా దూడతో అనేది. కుర్చీ వచ్చాక దూడతో పని తప్పింది. తను వంటింటి గోడకు చెప్పేది, నేను వాకిట్లో వేపచెట్టుకు జవాబిచ్చేవాణ్ణి. కాసేపటికి నడిమి కర్ర మీద చేతులు తగిలేవి. కొన్నప్పుడే ఆ కర్ర ఒక్కటీ పాలిష్ పోయి అరిగి ఉంది. పాపం, ఆ దొరకూ దొరసానికీ కూడా దూడ లేదన్నమాట!

దీన్ని మధ్యకు కోసి చెరోముక్క ఇమ్మని పిల్లలిద్దరూ విడివిడిగా భూషణానికి కబురంపారు. నాలుగేళ్లలో ఇద్దరూ ఏకమైన సంగతి అదొక్కటే. భూషణం రంపం తెచ్చి, కుర్చీని చూసి, మనసొప్పక వెళ్లిపోయాడు. అందుకే గొడుగు.

కుర్చీ ఇద్దరికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. షరతు: నా పెద్దకర్మ నాడు చెరోవైపు కూర్చుని ఒక్క కాఫీ తాగాలి. మొహాలు చూసుకోనక్కర్లేదు. వసుంధర కిటికీని తిట్టొచ్చు, జయకృష్ణ తలుపుకు జవాబివ్వొచ్చు. కూర్చోకపోతే కుర్చీ ఊళ్లో పేకాట క్లబ్బుకు పోతుంది, బావ మాటే నెగ్గుతుంది. మీరు మాట్లాడుకోకపోతే నాకు పోయాక కూడా నిద్ర పట్టదురా.

5. ఇంతా రాశాక తోచింది. పెద్దకర్మ దాకా ఆగితే ఆ కాఫీ నేను చూడలేను. అందుకని వచ్చే ఆదివారమే రమ్మని ఇద్దరికీ కబురు పంపుతున్నాను. ఆ రోజు తాగితే షరతు తీరినట్టే, కొట్టేయవచ్చు.

కోడూరు, 14-6-1999
(సం.) గంగాధరరావు

సాక్షులు:
1. దేవదానం, రిటైర్డు పోస్ట్‌మాన్.
2. మధుసూదనరావు. కుర్చీలో రెండోవైపు కూర్చుని సంతకం చేశాను. ఇది పేకాట కుర్చీయే. అయినా ఆదివారం ముక్కలు తీసుకురాను.