మమ్మల్ని రద్దు చేసే బిల్లు

మార్చి 4
మా పెద్దల సభను రద్దు చేసే బిల్లు కింది సభలో గట్టెక్కింది. ఇక మా దగ్గరికి వస్తుంది. మా ఉరిశిక్ష మేమే చదువుకుని సంతకం పెట్టాలన్నమాట. భలే ఏర్పాటు. ఎలా జరుగుతుందో చూడాలని నాకే కుతూహలంగా ఉంది.

బిల్లు రాసింది నా మనవరాలు. పార్టీ ఆఫీసులో దాని మొదటి పని. భోజనాల దగ్గర, అమ్మమ్మా, నీకు ఒక్కరైనా ఓటేశారా అని అడిగింది. లేదే తల్లీ, కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటుంటే పైనుంచి ఫోనొచ్చింది, వెళ్ళి కూర్చున్నాను అన్నాను. అదే మరి అంది. కూర మాత్రం మారు వడ్డించుకుంది.

మార్చి 6
పక్కసీటు డాక్టరుగారు రద్దు వద్దు, సంస్కరణ చాలంటారు. సగంమందిని ఎన్నుకుందాం, డెబ్భై అయిదు దాటినవాళ్ళని ఇంటికి పంపిద్దాం అంటారు. మీకెన్నండీ అంటే డెబ్భై నాలుగట.

మార్చి 9, ఉదయం
బిల్లు మొత్తం చదివాను. పిల్ల బాగా రాసింది, ఒక్కచోట తప్ప. ప్రభుత్వం మీద మామూలు జనం పెట్టుకునే అర్జీలు వినేది మా సభ కమిటీ ఒక్కటే. సభ పోయాక ఎవరు వింటారో బిల్లులో లేదు. కూల్చేసిన తన టైలరు షాపు గురించి మొన్న ఒకావిడ మా ముందు కూర్చుని చెప్పిందే, ఆవిడ అర్జీ కూడా సభతోపాటే చెత్తబుట్టలోకి.

మళ్ళీ చదివాను. నిజంగానే లేదు.

సాయంత్రం
మనవరాలికి చెప్పాను. ముఖం పాలిపోయింది. కింది సభ దాటేసింది, ఇప్పుడు సరిదిద్దగలిగేది మీరే కదా అంది. అవును, పోవాల్సిన మేమే. నువ్వు లేచి సవరణ పెడితే ముసలిది కుర్చీ కాపాడుకుంటోందంటారు అంది. అననీ అన్నాను. నా ఉద్యోగం పోతుంది అమ్మమ్మా అంది.



మార్చి 10
టైలరావిడ ముఖం గుర్తొస్తోంది. మనవరాలి ముఖం ఎదురుగానే ఉంది.

మార్చి 12
సవరణ పెట్టాను. అర్జీలు ఇకపై కింది సభ కమిటీకి వెళ్ళాలని, ఒక్క వాక్యం. డాక్టరుగారు సంబరపడిపోయి, ఇలాంటివి ఇంకో నాలుగు లాగండమ్మా, బిల్లు అటూ ఇటూ తిరిగేసరికి ఏడాది గడిచిపోతుంది అన్నారు. నాకు కనిపించింది ఒక్కటేనండీ అన్నాను. తప్పెవరిదని వెనకనుంచి ఒకాయన అరిచాడు. రాసినవాళ్ళదీ, చదవకుండా చేతులెత్తిన కింది సభదీ అన్నాను. అందరూ నవ్వారు. పైన గ్యాలరీలో కూర్చున్న మనవరాలు నవ్వలేదు.

మార్చి 13
పేపర్లో నా కార్టూన్. కుర్చీకి బంకతో అతుక్కున్నట్టు వేశారు. ముక్కు బాగా కుదిరింది.

మార్చి 19
కింది సభ సవరణకు ఒప్పుకుంది. ఇవాళ చివరి ఓటు. నేను రద్దుకే వేశాను. డాక్టరుగారు నొచ్చుకున్నారు. ఆ తప్పు పట్టింది మన సభే కదమ్మా, ఉంచడానికి అది చాలదా అన్నారు. పట్టింది చదివిన మనిషండీ, సభ కాదు, సభ ఆ పూట కునుకు తీస్తోంది అన్నాను.

గెలిచాం. అంటే పోయాం.

మార్చి 23
మనవరాలి ఉద్యోగం పోలేదు. ఇకమీదట ఏ బిల్లు రాసినా ఇంకొకరి చేత చదివించాకే తెమ్మన్నారట. కొత్త బిల్లు తెచ్చి నా మంచం మీద పడేసింది. నన్నెవరు నియమించారే అని అడిగాను. నా కళ్ళజోడు తుడిచి చేతిలో పెట్టింది.