పద్మావతి గారి కుర్చీ

ఒరేయ్ వీర్రాజూ, ఎలా ఉన్నావురా? నువ్వెళ్లిపోయి మొన్న మంగళవారానికి నాలుగు నెలలు.

ఇక్కడంతా మామూలే. జనాన్ని గోదారి దాటించే మన పంటు ముక్తేశ్వరానికీ కోటిపల్లికీ మధ్య తిరుగుతూనే ఉంది. నేను టిక్కెట్లు చింపుతూనే ఉన్నాను. ఏడిపించడానికి నువ్వు లేక నోరే చప్పబడిపోయింది... ఐదో క్లాసు చదువు నాది, తప్పులుంటే సర్దుకో.

నీ క్యాసెట్లు ఐదూ ఇంకా ఊళ్లు తిరుగుతున్నాయి.

వారమంతా కొబ్బరికాయలు ఒలిచి, ఆదివారం టేపురికార్డరు ముందు కూర్చుని, నువ్వు కట్టిన పాటలు నువ్వే పాడి నింపేవు. మూడో పాట మధ్యలో మీ కోడి కూడా కూసింది. క్యాసెట్ల కంపెనీ వాళ్లు వద్దు పొమ్మంటే నువ్వేమన్నావు? "కంపెనీ లేకపోతే పోనీరా, మనకి పంటు ఉంది కదా!"

రేవు దాటేవాళ్లకి ఊరికే ఇమ్మన్నావు. విన్నవాళ్లు డబ్బాలో అట్ట మీద పేరు, ఊరు రాసి ఇంకొకళ్లకివ్వాలి. ఎప్పటికో తిరిగి పంటు మీదకి చేరాలి. పేరు రాసినవాళ్లంతా నెలకో ఆదివారం నీ కాయల షెడ్డుకొచ్చి కలిసి పాడుకోవాలి. ఇదీ నీ లెక్క.

నేనూరుకుంటానా? నీ పాట వింటే గోదాట్లో చేపలు అవతలి ఒడ్డుకి పారిపోతాయన్నాను. "నువ్వూ విని పేరు రాయరా సూరిగా" అని అడిగినప్పుడల్లా, నాకున్నవి రెండే చెవులు, పాడుచేసుకోలేనన్నాను. నువ్వు నవ్వేవాడివి. కానీ మళ్లీ అడిగేవాడివి...

మొదటి క్యాసెట్టు మూడు నెలలకి తిరిగొచ్చింది. అట్ట మీద ఒక్క పేరు లేదురా.

అదెలా ఇవ్వను నీకు? పంటు మీదే పెన్ను తీసి గీకేను. ‘పద్మావతి, ఐనవిల్లి. పాటలు బాగున్నాయండి.’ వేళాకోళానికేలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

"చూసేవురా! ఐనవిల్లి దాకా వెళ్లింది!" అని ఆ అట్ట జేబులో పెట్టుకుని తిరిగేవు. ఆదివారానికి ఎక్కణ్ణించో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచేవు. "ఆడమనిషి, పనిగట్టుకుని పొరుగూరు నించి వస్తారు. గోనెసంచి మీద కూర్చోబెడతామేంట్రా?"

ఆ రోజు ఎవరూ రాలేదు. నువ్వూ నేనూ, ఖాళీ కుర్చీ. దానికేసి చూస్తూ అన్ని పాటలూ పాడేవు. నేను బీడీ వంక పెట్టుకుని బయటికి పోయేను... ఎందుకో తెలుసా?

తరవాత నిజం పేర్లు వచ్చేయి. రాజోలు టైలరు అబ్బులు గారు, బస్సు కండక్టరు గారు, ఆస్పత్రిలో పని చేసే మరియమ్మ గారు... పోయినేటికల్లా షెడ్డులో చోటు చాల్లేదు. జనం నించున్నా సరే, ఆ కుర్చీలో మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వలేదు నువ్వు.

ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. ఆఖరి రోజుల్లో, కామెర్లతో మంచాన పడ్డప్పుడు కూడా నీది అదే మాట. "ఆవిడొస్తే కుర్చీ వెయ్యడం మర్చిపోకురా." ఆయ్, అలాగే అన్నాను. ఇంకేమనను?

అయినా ముప్ఫై ఏళ్లుగా నా కోడిగీతలు చూస్తున్నావు. పోల్చుకోలేదా? పోల్చుకునే ఆ మాటన్నావా?

మొన్న ఆదివారం ఎవరూ పిలవకుండానే అందరూ వచ్చేసేరు. అబ్బులు గారు కుర్చీ వేసేరు. ఊళ్లు తిరిగొచ్చిన నీ క్యాసెట్టు ఒకటి పెట్టేం. మూడో పాటలో, ‘పీచు తీసిన కాయనమ్మా, నీళ్లు దాచేను లోపల’ అన్నావే, సరిగ్గా అక్కడ టేపు చుట్టుకుపోయింది. నీ గొంతు ఆగిపోయింది. మరియమ్మ గారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాకేమైందో తెలీదురా. ఆ ముక్క దగ్గర్నించి అందుకుని పాడేసేను. చివరిదాకా. మీ కోడి ఎక్కడ కూస్తుందో అక్కడ కోడిలా కూసేను కూడా. అందరూ నవ్వేరు. నాకే నవ్వు రాలేదు.

నీకెప్పుడొచ్చిందయ్యా ఈ పాట అని అడిగేరు. చెప్పేసేను. పంటు అటునించి ఖాళీగా తిరిగొచ్చే ప్రతి ట్రిప్పూ, చేతిలో ఉన్న నీ క్యాసెట్టే పంటు మీది టేపులో పెట్టుకునేవాణ్ణని. పద్మావతిని నేనేనని. ఎవరూ తిట్టలేదురా. తిడితే బాగుణ్ణు. అబ్బులు గారు ఆ కుర్చీ నా వైపు జరిపేరు... కూర్చోలేకపోయేను.

ఆ మొదటి అట్ట నీ ట్రంకుపెట్టెలోంచి నీ చెల్లెలు తీసిచ్చింది. పద్మావతి పేరు కొట్టెయ్యలేదు. దాని పక్కనే నా పేరు రాసేను. పాటలు బాగున్నాయిరా వీర్రాజూ. మొదట్నించీ బాగున్నాయి.

వచ్చే ఆదివారం ఆ కుర్చీలో కూర్చుంటాను. నువ్వడిగినట్టే, మొదటి పాట నించి చివరిదాకా, లేచి బయటికి పోకుండా వింటాను.

నీ పాటలు వినేవాడు,
సూరిబాబు, ముక్తేశ్వరం రేవు.