బావ పడవ, బామ్మర్ది గోడ

లక్సెట్టిపేట,
నవంబరు మొదటి వారం.

కరీంనగర్‌లో ఎలక్ట్రికల్ దుకాణం పెట్టి లోకానికి వెలుగు అమ్ముతున్న బామ్మర్ది బెంజమిన్‌కు, బావ సమ్మయ్య ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది.

నీ బిడ్డ స్తుతి పెళ్లి విందులో నా పళ్లెం దాటించి, మూలుగు నిండిన నల్లి బొక్కను మీ వియ్యంకుడికి వేయించావు. ఆ రోజే నీతో నోటితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరం రాయనని మాత్రం అనలేదు. అందుకే ఈ కాగితం.

సంగతేమిటంటే, నేను పడవ కొన్నాను. నవ్వకు. బెల్లంపల్లి గనిలో భూమి కింద బతుకంతా గడిపి, గాలికి మొహం వాచినవాణ్ని. రిటైరయ్యాక నాకు ఇంత గాలి తప్ప ఇంకేం కావాలి? చేపలవాళ్ల దగ్గర పాత ఫైబర్ పడవ తీసుకుని, నడుమ వెదురు బొంగు నిలబెట్టి, తెరచాప కట్టాను. గుడ్డ ఎక్కడిదంటావేమో, అది మొన్నటి ఎన్నికల ఫ్లెక్సీ. నాయకుడు దండం పెడుతూ ఉంటాడు. ఏ గాలి వీస్తే ఆ గాలికి ఉబ్బుతాడు. గెలిచాక మా వాడకైతే రాలేదు గానీ గోదావరి మీద నాకు బాగానే పనికొస్తున్నాడు.

ప్రాజెక్టు నీళ్లు నిలిచాక ఇక్కడ గోదావరి చాలా వెడల్పయింది. మొన్న పొద్దున పొగమంచు పట్టింది. ఇంటికే పోతున్నాననుకుని, మంచిర్యాల జిల్లాలో బయలుదేరినవాణ్ని అవతలి ఒడ్డున జగిత్యాల జిల్లాలో తేలాను. మీ అక్క మగ్దలేనమ్మ ఊరుకుంటుందా? "క్రిస్మస్‌లోపల దారి సూపే మిషన్ తెస్తే తెచ్చినవ్. లేకుంటే గీ పడవను పలగ్గొట్టి పొయ్యిల పెడత" అంది. ఫైబర్ మండదే అన్నాను. "నువ్వు మండుతవ్ గదా" అంది.

కాబట్టి చేత్తో పట్టుకునే జీపీఎస్ ఒకటి, అగ్గువ ధరలో మంచిది చూసి చెప్పు. నా పడవ ప్రాణం నీ చేతిలో ఉంది.

ఇట్లు,
మాట్లాడని బావ,
సమ్మయ్య

తా.క. ఫోన్లోనే జీపీఎస్ ఉంటుంది కదా అంటావు. ఉండేది. ఇప్పుడది చేపలకు దారి చూపిస్తోంది.

* * *

కరీంనగర్.

గౌరవనీయులైన బావగారికి, బెంజమిన్ వినయంగా చేతులు జోడించి రాయునది.

పడవ అని రాశారు. చదివి చాలాసేపు ఆలోచించాను. మా దుకాణానికి వచ్చి చేతి జీపీఎస్ అడిగినవాళ్లలో పడవ ఉన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. అందరూ జాగాలు కొలుచుకునేవాళ్లే. తోడబుట్టినవాళ్ల మీద కేసు వేసే ముందు కొంటారు.

బాపు పోయేటప్పుడు ఈ ఇంటి జాగాలో సగం నాకు, సగం అక్కకు ఇచ్చిపోయాడు. నా సగంలో నేను ఇల్లు కట్టుకున్నాను, అక్క సగం ఖాళీగా ఉంది, మధ్యలో గోడ ఉంది. దాని గురించి మీరు ఏనాడూ అడగలేదు, నేనూ ఏనాడూ చెప్పలేదు. ఇంత సఖ్యంగా ఉన్నవాళ్ల మధ్యకు ఆ మిషన్ ఎందుకు బావగారూ?

పైగా జీపీఎస్ నీళ్ల మీద పనిచేయదు. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది కదా, నీళ్లలో మీ నీడ పడి దానికి ఇద్దరు సమ్మయ్యలు కనిపిస్తారు. అసలు ఎవరో తేల్చుకోలేక ఆగిపోతుంది. చేత్తో పట్టుకుంటే బీపీ కూడా పెరుగుతుందట. మీ కోసం మంచి టార్చిలైటు పార్శిల్ చేస్తున్నాను. దారికి అదే మేలు.

ఇట్లు,
మీ క్షేమం తప్ప వేరే ఆలోచన లేని
బెంజమిన్

తా.క. గోడ బాపు ఉన్నప్పుడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఊరికే చెబుతున్నాను.

* * *

లక్సెట్టిపేట.

శాస్త్రజ్ఞుడైన బామ్మర్దికి ఇద్దరు సమ్మయ్యల వందనాలు.

టార్చిలైటు అందింది. పొగమంచులో టార్చి కొడితే పొగమంచే ఇంకా బాగా కనిపిస్తుంది. గనిలో పనిచేసినవాడికి నువ్వు టార్చి గురించి చెప్పడమా! గోడ సంగతి ఎందుకు రాశావో తెలియలేదు గానీ, గోడ క్షేమంగా ఉన్నందుకు సంతోషం.

నీ సలహా విన్నాక నేనే ఆలోచించుకున్నాను. రంగుల మ్యాపు నాకొద్దు. నీళ్లలో గల్లీలుండవు. తెర మీద వేలు పెట్టి జరిపేది అసలే వద్దు, తడి వేళ్లకు అది వినదు. గట్టి బటన్లుండాలి. నీళ్లు పడితే చావకూడదు, పడవలోంచి జారితే తేలాలి. చార్జింగ్‌ది కాకుండా పెన్సిల్ సెల్లుదైతే, లక్సెట్టిపేటలో ఏ కిరాణా కొట్టులోనైనా సెల్లు దొరుకుతుంది. బయలుదేరిన చోటు గుర్తుపెట్టుకుని, తిరిగి రమ్మంటే అటు బాణం చూపిస్తే చాలు. అన్నింటికన్నా అగ్గువది కూడా ఈ పని చేస్తుందట. దోహాలో ఉన్న మా అన్న కొడుకు రంజిత్ సెలవుకు వస్తూ తెస్తానన్నాడు.

పడవ ఎక్కించే ముందు దాన్ని నేల మీద పరీక్ష చేసుకోవాలట. పైన ఆకాశం కనిపించాలి, హద్దులు మనకు తెలిసిన చోటై ఉండాలి. మీ అక్కే ఉపాయం చెప్పింది. "మా బాపు జాగల నా వాటా ఖాళీగనే ఉండె గదా, గోడ పొంటి నడిచి సూడు" అంది. కాబట్టి మేమే కరీంనగర్ వస్తాం.

ఇట్లు,
సమ్మయ్య

తా.క. నీ దుకాణంలో పొడుగు టేపు ఉంటే ఒకటి తీసిపెట్టు. నాయకుడు చినిగాడు, కొత్త తెరచాపకు కొలతలు తీయాలి.

* * *

కరీంనగర్.

బావగారికి,

టేపు కూడానా?

మనం మనం ఒకటి బావగారూ, సూటిగా మాట్లాడుకుందాం. ఇక్కడిది నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు పగులుతుంది. కరీంనగర్‌లో గోడలన్నీ కొంచెం కొంచెం జరుగుతున్నాయి. అన్నీ పక్కవాడి వైపే ఎందుకు జరుగుతాయని మీరు అడగవచ్చు. అది నేల స్వభావం.

ఆదివారం మా పాస్టరుగారు పొరుగువాని హద్దురాయి గురించి ప్రసంగం చేశారు, అదీ నా వైపే చూస్తూ. ఆయనకు కూడా ఉత్తరం రాశారా? నా భార్య రెబెకా అయితే ఇంట్లో కూర్చోనివ్వడం లేదు. "గోడ జరిపిన్నాడే చెప్పిన, నీకు చెవికెక్కలే" అంటుంది. ఆమెకు ఈ మధ్య జ్ఞాపకశక్తి తగ్గింది. ఆమె మాటలు పట్టించుకోకండి.

కావాలంటే నల్లి బొక్కలు నాలుగు కిలోలు ఐస్‌లో పెట్టి పంపిస్తాను. మీరు మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, మంచు బాగా ఉంది.

ఇట్లు,
నిద్రపట్టని
బెంజమిన్

తా.క. కొత్త స్నానాల గదికి చోటు చాలక నేనే గోడ జరిపానని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ గది కట్టక ముందే జరిపాను, అంటే జరిగింది.

* * *

లక్సెట్టిపేట.

ఒరేయ్ బెంజమిన్, ఒంట్లో బాగానే ఉందా?

పడవ గురించి అడిగితే గోడ గురించి రాస్తావు. అగ్గువ మిషన్ అడిగితే నేల స్వభావం చెబుతావు. నీ ఉత్తరం మీ అక్క నాతో మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మా పెళ్లయ్యాక ఇదే మొదలు. నాకు భయంగా ఉంది.

రంజిత్ వచ్చాడు, మిషన్ తెచ్చాడు. వచ్చే వారం బయలుదేరుతున్నాం.

ఇట్లు,
సమ్మయ్య

తా.క. మీ అక్క జాగా కాగితాలు సంచిలో పెట్టుకుంది. ఎందుకే అంటే "గదంత నీకెందుకు, నువ్వు పడవ సూస్కో పో" అంది.

* * *

కరీంనగర్.

బావగారికి, అక్కకు,

ఇక మీరు నిశ్చింతగా రావచ్చు. పాత గోడ కూలగొట్టించాను. బాపు చూపించిన చోటే పునాది తీయించి కొత్తది కట్టించాను. గజం వెనక్కి వచ్చింది. మేస్త్రీ పరశురాములు "గింత తొందరేంది సేటూ, ఎవరన్న దాడికొస్తుండ్రా" అన్నాడు. అవునన్నాను. స్నానాల గది సగం పోయింది. మేం ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరం, పక్కకు తిరిగి స్నానం చేస్తున్నాం.

మీ మిషన్ తెచ్చుకోండి, టేపు తెచ్చుకోండి, ఎటునుంచి ఎటైనా నడవండి. జానెడు తేడా వస్తే నా పేరు మార్చుకుంటాను. కేసు మాట మాత్రం ఎత్తకండి.

ఇట్లు,
సన్నబడిన
బెంజమిన్

తా.క. మొదటి ఉత్తరంలో గోడ గురించి రాసినదంతా ఇప్పుడు నిజమే.

* * *

లక్సెట్టిపేట,
క్రిస్మస్ ముందు.

న్యాయవంతుడైన బామ్మర్దికి నిండు వందనాలు.

మేం రావడం లేదు. మిషన్‌ను మా ఇంటి దగ్గరి బడి మైదానంలోనే పరీక్షించాను. నిన్న పొద్దున మంచు ఎట్లా పట్టిందంటే తెరచాప మీది అతుకుల నాయకుడు కూడా కనిపించలేదు. నడి గోదావరిలో బటన్ నొక్కాను. బాణం మెల్లగా తిరిగి మా ఒడ్డు వైపు నిలబడింది. బెంజమిన్, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. దాని వెంట వస్తే ఒడ్డున మీ అక్క నిలబడి ఉంది. పడవ బతికింది.

ఇక నీ గోడ. నాకు దాని మీద అనుమానం కాదు కదా, జ్ఞాపకమే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లను చూశాను గానీ, కాయ తెచ్చి మా గుమ్మంలో పెట్టిపోయినవాణ్ని నిన్నే చూస్తున్నాను.

ఇంకో మాట. మిషన్‌తో వచ్చిన పుస్తకం రంజిత్ చదివి వినిపించాడు. ఇది చూపించిన చోటుకు నాలుగైదు గజాలు అటూ ఇటూ ఉండవచ్చట. చేతి జీపీఎస్‌లన్నీ అంతేనట. గోదావరి మీద అది లెక్కే కాదు, ఒడ్డు దొరికితే ఇల్లు నేనే వెతుక్కుంటాను. నీ గజం గోడను పట్టుకోవడం మాత్రం దీని తాత వల్ల కూడా కాదు. దుకాణం పెట్టినవాడివి, నీకు తెలుసనుకున్నాను.

ఇట్లు,
సమ్మయ్య

తా.క. మీ అక్క చెబుతోంది, ఆమె మాటలు ఆమెవిగానే రాస్తున్నాను:

"తమ్మీ, గా జాగతోని నాకేం పని లేకుండె. క్రిస్మస్‌కు వచ్చి నా వాటా గుడ నీ పేర్న రాసిచ్చి పోదామని కాయితాలు సంచిల పెట్టుకున్న. గింతల నువ్వే ఉన్న గోడ కూలగొట్టి, మేస్త్రీని పెట్టి, నా వాటా ఎందాక ఉన్నదో నాకు సూపిస్తివి. గంత కష్టపడ్డ తమ్ముని మాట నేనెట్ల కాదంట? కాయితాలు మల్ల పెట్టెల పెట్టిన. గోడ బందోబస్తుగ కట్టించినవ్ గదా, మంచిగ నీళ్లు కొట్టు, పగుళ్లు రావద్దు."