అమ్మ ఎత్తింది ఒక్క చెయ్యే

పట్టణ పాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పురసంఘం అధ్యక్షురాలైన మా అమ్మ ఓటు వేయుటకు చెయ్యెత్తగా, "చేతులెత్తేసిన అధ్యక్షురాలు" అని పత్రికలో అచ్చయిన కారణంగా ఆమెను పదవి నుండి తొలగించు చర్యను నిలిపివేయుట గురించి.

1. మా అమ్మ బడికి వెళ్లలేదు. బట్టలు కుట్టి నన్ను చదివించింది. ఆ తర్వాత ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ఉపాధ్యక్షుల వారి ఐసు ఫ్యాక్టరీకి దొంగచాటుగా పోతున్న నీటి గొట్టం తీసేయాలని సమావేశంలో తీర్మానం పెట్టింది. ఒప్పుకున్నవారు చెయ్యెత్తాలన్నారు. అమ్మ కుడి చెయ్యెత్తింది. తీర్మానం నెగ్గింది, గొట్టం తీసేశారు.

2. మర్నాడు పత్రికలో అమ్మ చెయ్యెత్తిన ఫొటో వేసి, దాని కింద విషయంలో చెప్పిన ఆ శీర్షిక పెట్టారు. అదే ఫొటోలో ఉపాధ్యక్షుల వారు కూడా చెయ్యెత్తి ఉన్నారు, టీ తెచ్చే మనిషిని పిలుస్తూ. ఆయన కింద "జనానికి అభయహస్తం" అని ఉంది.

3. నేను పత్రికాఫీసుకు వెళ్లాను.

"మీ అమ్మ చెయ్యెత్తిందా లేదా, అమ్మాయీ?" అన్నారు విలేకరి గారు.

"ఎత్తిందండీ, ఓటుకి."

"మరింకేం? ఉన్నదే రాశాం."

"చేతులెత్తేసిందంటే నావల్ల కాదని వదిలేసినట్టు కదండీ? ఎత్తింది ఒక్క చెయ్యే."

పక్క బల్ల ఆయన, "ఒక్క చెయ్యేనట గురూ, సవరించెయ్. చదువుకున్న పిల్ల, ఊరికే వదల్దు" అని నవ్వారు.

సవరించారు. "ఉపాధ్యక్షుడిపై చెయ్యెత్తిన అధ్యక్షురాలు: ఒప్పుకున్న కూతురు."

4. తమ కార్యాలయం ఈ రెండు వార్తలనూ జతపరచి అమ్మకు తొలగింపు నోటీసు పంపింది. ఒకదాని ప్రకారం అమ్మ చేతకానిది, రెండోదాని ప్రకారం దౌర్జన్యం చేసేది. చేతకానిదైతే కొట్టిందెలా అని తమ గుమాస్తా గారిని అడిగాను. "రెండూ పేపర్లోనే ఉన్నాయి కదమ్మా" అన్నారు.

5. నిన్న తొలగింపు మీద ఓటు జరిగింది. అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తాలన్నారు. ఎదురుగా కెమెరా ఉంది. అమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నేను వెనక కుర్చీల్లోంచి "ఎత్తవే అమ్మా!" అని అరిచాను. తల అడ్డంగా ఊపింది. "అధ్యక్షురాలికే అభ్యంతరం లేదు, ఏకగ్రీవం" అని ఉపాధ్యక్షుల వారు చదివారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి ఐసు ఫ్యాక్టరీ గొట్టం మళ్లీ బిగించారు. మా వీధి కుళాయి ఎండిపోయింది.

కావున తుది ఉత్తర్వు మీద తమ సంతకం పడకముందే, శీర్షికలకు కాగితం అడ్డుపెట్టి ఫొటోను మాత్రమే చూసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అధ్యక్షురాలి కూతురు

తా.క.: అర్జీ మీద అమ్మ సంతకం కూడా లేకపోతే చెల్లదని గుమాస్తా గారు అన్నారు. ఇంటికి తెచ్చి కలం అందించాను. కొంగులోంచి చేతులు తియ్యకుండానే, "ఎవరైనా ఫొటో తీస్తున్నారేమో చూడవే" అంది. తలుపేశాను. కిటికీ కూడా వేశాను. అయినా తియ్యలేదు. అర్జీ కింద అమ్మ సంతకం చోటు ఖాళీగా ఉంది. మీకు దణ్ణం పెడతాను, దాన్ని కూడా అభ్యంతరం లేనట్టు రాసుకోకండి.