రెండు శాల్తీల సామాను

ఫోర్-ద-ఫ్రాన్స్,
బుధవారం

చెల్లీ లియోంటీన్,

నువ్వక్కడ ఇంగ్లీషు మాట్లాడే దీవి సెయింట్ లూసియాలో క్షేమమేనా? అడగబుద్ధి కావడం లేదు గానీ అడుగుతున్నాను.

మీ బావ ఫుల్బెర్ యాభై ఎనిమిదో ఏట ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్నాడు. ఓడల్లోంచి దిగే టూరిస్టుల కోసమట. మొన్న ఆయన నోటుపుస్తకం తెరిచాను. సామాను, సలహా, కబురు లాంటివాటిని మన ఫ్రెంచిలో ఒకటీ రెండూ అని లెక్కపెడతాం. ఇంగ్లీషులో అలా చెల్లదట, శాల్తీలనో ముక్కలనో చెప్పాలట. కింద తను సొంతంగా వాక్యాలు రాసి, ఫ్రెంచిలో అర్థం కూడా పెట్టుకున్నాడు: "నా దగ్గర రెండు శాల్తీల సామాను ఉంది. మా మరదలు నాకొక ముక్క సలహా ఇచ్చింది. నా భార్యకు ఇంకా చెప్పని కబురు ముక్క ఒకటుంది."

నిలదీస్తే నవ్వాడు. "పిచ్చిదానా, అవి పాఠాలే! ఏదో ఒకటి కల్పించి రాయాలి కదా!"

మార్కెట్లో వాళ్ళ పంతులమ్మ కనిపిస్తే అడిగాను. "కల్పించడమా? మా క్లాసులో కుదరదమ్మా. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు రాయాల్సిందే," అంది.

ఇంటికొచ్చి మంచం కింద వెతికాను. రెండు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో ఆయన చొక్కాలు. రెండోదాంట్లో కొత్త పసుప్పచ్చ గళ్ళ గౌను. వేసుకుని చూస్తే నాకోసమే కుట్టినట్టుంది. కానీ చిన్నప్పట్నుంచీ నీకూ నాకూ కొలతలొకటే కదా.

ఆ సలహా ఏమిటో, ఈ గౌను ఎవరికో తిరుగు టపాలో రాయి. అదింకా నా ఒంటిమీదే ఉంది. నీ జవాబొచ్చేదాకా విప్పను.

మీ అక్క