కూత పెట్టి పరీక్షించండి

ఆళ్లగడ్డ,
ఆదివారం

మంజుల మేడం గారికి,

ఈ ఉదయం కాలేజీ మైదానంలో, వానకు మెత్తబడిన మట్టిలో ఎడమ కాలితో గెంతాను. పాదం ముద్ర తిన్నగా పడింది. కబడ్డీ కూత పెడుతూ, ఎదురుగా ఏడుగురున్నట్టు ఊహించుకుని లెక్కపెడుతూ గెంతితే, ముద్ర లోపలికి తిరిగింది.

ఆ మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయి తొమ్మిది నెలలైంది. శనివారం నంద్యాలలో జరిగే జిల్లా ఎంపికలకు మీరు నా పేరు రాశారని మన జట్టు దెబోరా చెప్పింది. దానికి ముందు మీరు పెట్టే గెంతుడు పరీక్షలో నేను నెగ్గుతాను. అందులో కూత పెట్టే పని లేదు. కానీ ఫిజియో తహసీన్ అక్క ఒప్పుకోలేదు.

"నోరు మూసుకోని కప్ప గూడా దుంకుతాది పాపా. కూత పెట్టి దుంకు, చూస్తా" అంది. గెంతాను. మోకాలు పక్కకు ఊగింది. "కాలు బాగుండాది. నీ తలకాయే ఇంకా దానికి కాపలా కాస్తాంది. ఆ తలకాయకు ఇంకో పని చెప్తే కాలు తప్పుతాంది" అంది.

దయచేసి ఈసారి నా పేరు కొట్టేయండి. ఈ ఏడాది పోతుందని తెలుసు. రోజూ పొద్దున కూతతోనే సాధన చేస్తున్నాను. జనవరిలో మీరే ఎదురుగా నిలబడి, కూత పెట్టించి పరీక్షించండి. క్లాసులో నా గొంతు వినపడదని మీరంటారు. ఆ రోజు వినపడుతుంది.

మీ జట్టు రైడర్

తా.క. బేతంచెర్ల ఆటలో నా కాలు విరిచిందని మీరు ఇప్పటికీ తిట్టే ఆ ఎదుటి జట్టు అమ్మాయి నన్ను ముట్టుకోనే లేదు. వాళ్లను లెక్కపెడుతూ నేనే పడ్డాను.